కడుపుతో ఉన్నదానికి మొదటి గ్లాసు

అన్వితకు చెవుడు లేదని బాలకోటమ్మ పిన్ని ఒక స్టీలు పళ్ళెంతో తేల్చిపారేసింది. పిల్ల అరుగు మీద కూర్చుని పుస్తకంలో ఏదో బొమ్మకు రంగు వేసుకుంటుంటే, వెనకగా వెళ్ళి గరిటెతో పళ్ళెం మీద ఠంగున ఒకటి కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"చూశావుగా జాన్‌బీ. చెవులకేం రోగం లేదు. దీనిది మొండితనం. అచ్చం వాళ్ళ నాన్న పోలిక" అని పిన్ని పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. ఠంగుమన్న చప్పుడుకు తిరిగిన పిల్ల, నానమ్మ అన్న మాటల్లో ఒక్కటీ పట్టించుకోలేదు. నా నోటి వైపు చూస్తూ కూర్చుంది. ఎవరు మాట్లాడినా నోటి వైపే చూడటం ఆ పిల్లకు అలవాటు. అది ముద్దనుకునేదాన్ని నేను.

నేను మా ఊరి ఆశా కార్యకర్తను. కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు తిరగడం, మాత్రలివ్వడం, కాన్పుకు ఆస్పత్రికి తీసుకెళ్ళడం, పుట్టిన పిల్లలకు టీకాలు వేయించడం నా పని. పదమూడేళ్ళుగా చేస్తున్నాను. నోరు పెద్దదని పేరుంది. టీకాకు బిడ్డను తీసుకురాని ఇంటి ముందు నిలబడి నేను అరిస్తే నాలుగు వీధులకు వినిపిస్తుంది. బాలకోటమ్మ నాకు చుట్టం కాదు. మాది నూర్‌బాషాల ఇల్లు, మా నాన్న పీరు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒక ఊరివాళ్ళం కాబట్టి ఆమె నాకు పిన్ని, ఆమె కోడలు శాంతికి నేను అక్కను.

పిన్ని మిరపకోతల ముఠాకు మేస్త్రి. పర్చూరు చుట్టుపక్కల ఏ చేలో కోతలు మొదలైనా ఆమెకే ముందు కబురొస్తుంది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద నడుస్తారు. కొడుకు శ్యామ్ సుందర్ ట్రాక్టరు నడుపుతాడు. శాంతి అత్త ముఠాలోనే పనిచేస్తుంది. వాళ్ళ కూతురు అన్వితకు వచ్చే జూన్‌కు ఏడేళ్ళు నిండుతాయి. శాంతికి ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల.

ఆ పళ్ళెం పరీక్షకు కారణం బడిలో సుందరి టీచరు. ఆవిడ పూర్తి పేరు బాలత్రిపురసుందరి. అంత పేరు పిలవలేక పిల్లలు దాన్ని సగం చేశారు. ఆవిడ నన్ను బడికి పిలిచి చెప్పింది.

"జాన్‌బీ గారూ, ఈ పిల్ల మొండిది కాదండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఎదురుగా మాట్లాడితే అన్నీ చెప్తుంది. తరగతిలో ఫ్యాను తిరుగుతూ, ముప్ఫై మంది గోల చేస్తుంటే మాత్రం వేరే ఊళ్ళో ఉన్నట్టు కూర్చుంటుంది. పుస్తకం తియ్యమంటే పక్కపిల్ల ఏం తీసిందో చూసి అది తీస్తుంది. రెండు పనులు చెప్తే ఒకటి మర్చిపోతుంది. గుంటూరు తీసుకెళ్ళి చూపించండి. ఆలస్యమైతే నష్టపోయేది పిల్లే."

పిలిస్తే పలకలేదని శ్యామ్ అప్పటికే రెండుసార్లు పిల్లను కొట్టాడు. ఇక ఆగడం మంచిది కాదనిపించి, ఒక మంగళవారం శాంతినీ పిల్లనూ బస్సెక్కించాను. పిన్ని ఆ రోజు ముఠాను వేరేవాళ్ళకు అప్పజెప్పి మరీ మాతో వచ్చింది. మనవరాలిని ఏ డాక్టరైనా చెవిటిదంటే అక్కడే కడిగేద్దామని ఆమె ఉద్దేశం. చిలకలూరిపేటలో బస్సు మారేటప్పుడు శాంతి నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే వెంటనే తిరిగి నవ్వింది.

గుంటూరులో చెవి డాక్టరు రామకాంత్ గారు. నెమ్మదస్తుడు. ముందు పిల్ల చెవుల్లోకి లైటు వేసి చూశాడు. తరవాత ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు మిషను పెట్టించాడు. కూత వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక రంగు బిళ్ళ వెయ్యాలి. అన్విత మొదట్లో గబగబా వేసింది. తరవాత చేతిలో బిళ్ళ పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. లోపల కూత వస్తూనే ఉందని అక్కడున్న అమ్మాయి మాతో మెల్లగా చెప్పింది. శాంతి అద్దానికి దగ్గరగా జరిగింది. వెయ్యి తల్లీ, వెయ్యి, అని గొణుక్కోవడం నాకు వినపడింది.

డాక్టరు కాగితం మా ముందు పెట్టాడు. అందులో గీత కొంతదూరం తిన్నగా వచ్చి, చివరికి వచ్చేసరికి కిందికి జారింది.

"పెద్ద చప్పుళ్ళు బాగానే వినపడతాయమ్మా. సన్నటి శబ్దాలు అందట్లేదు. స, ష, చ లాంటివి సగంసగం పోతాయి. అది కాక, గోలలోంచి మాటను విడదీసుకోవడం కూడా కష్టంగా ఉందని నాకు అనుమానం. దానికి పరీక్ష ఏడేళ్ళు నిండాక చేద్దాం. పుట్టినప్పటి సంగతులు కొన్ని అడుగుతాను, చెప్పండి."

అడిగాడు. బరువెంత, వెంటనే ఏడ్చిందా, కామెర్లు వచ్చాయా, చెవుల్లో చీము కారేదా. శాంతి అన్నిటికీ జవాబు చెప్పింది. బరువు తక్కువ, రెండేళ్ళ దాకా చెవులు కారేవి. ఆ తరవాత ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండానే, "కడుపుతో ఉన్నప్పుడు మద్యం ఏమన్నా తీసుకున్నారా?" అన్నాడు.

"మా ఇంటి ఆడాళ్ళు అలాంటోళ్ళు కాదండీ" అంది పిన్ని. కుర్చీ అంచుకు జరిగింది కూడా.

శాంతి నేల చూసింది. "లేదండి" అంది.

"మీరు ఆశా కదా. మీ రికార్డులో ఏమన్నా ఉందా?" అని ఆయన నన్ను అడిగాడు.

"లేదండి" అన్నాను నేను.

ఆయన రాసుకున్నాడు. మూడు గంటలకు మళ్ళీ రమ్మని, అప్పుడు చెవి మిషను సంగతి మాట్లాడదామని పంపేశాడు.

నేను అబద్ధమాడాను. అది మొదటిసారి కూడా కాదు. ఎందుకో చెప్పాలంటే ఏడేళ్ళు వెనక్కి పోవాలి.

మిరపకోతల కాలంలో మా వైపు ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయలు కోస్తారు, కల్లంలో ఆరబోస్తారు, రంగు పోయిన తాలుకాయలు ఏరతారు, తొడిమలు తీస్తారు. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, ఆ చేత్తో ఎక్కడ తాకితే అక్కడ మండుతుంది. ఒళ్ళు వేడి పట్టిందంటారు. దానికి విరుగుడు తాటికల్లు అని అందరి నమ్మకం. పిన్ని పొద్దున్నే తాటిచెట్లు గీసేవాళ్ళ దగ్గర క్యాను నింపించి కల్లానికి తెచ్చేది. ఆ ముఠాలో ఒక మర్యాద ఉంది. క్యాను మూత తీశాక మొదటి గ్లాసు కడుపుతో ఉన్నదానికి ఇస్తారు. ఆమె తాగాకే మిగతావాళ్ళు తాగాలి. మిరప వేడి లోపలి బిడ్డకు తగలకూడదని అలా పెట్టుకున్నారు. ప్రేమతో పెట్టుకున్న మర్యాదే అది, నేను కాదనను.

శాంతి పిడుగురాళ్ల పిల్ల. వాళ్ళ నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. పెళ్ళయ్యేదాకా కల్లు వాసనే ఎరగదు. మొదటి రోజు తాగి కక్కుకుంది. రెండో రోజు ముక్కు మూసుకుని తాగింది. పది రోజులకు అలవాటైపోయింది. అయిదో నెల నుంచి కాన్పు దాకా రోజూ రెండు గ్లాసులు, ఎండ ముదిరితే మూడు.

ఒక మధ్యాహ్నం నేను ఐరన్ మాత్రలివ్వడానికి కల్లానికి వెళ్ళాను. శాంతి గ్లాసు చేతిలో పట్టుకుని అందరి ముందూ నన్ను అడిగింది. "అక్కా, ఇది తాగొచ్చా? లోపల బిడ్డకేం కాదుగా?"

పిన్ని నా వైపే చూస్తోంది. మాకు శిక్షణలో మద్యం గురించి ఒక పూట చెప్పారు. చూపించిన బొమ్మలో సీసా ఉంది, కల్లుక్యాను లేదు. అయినా నాకు అనుమానం రాలేదంటే పచ్చి అబద్ధం. వచ్చింది. కానీ మా ఇళ్ళలో కల్లు ముట్టరు. నేను వద్దంటే, సాయిబుల ఇంట్లోంచి వచ్చి మా తిండీ తాగుడూ దిద్దుతోంది అంటారని జంకాను. అంతకు ముందు నెలే ఒకామె నన్ను ఆ మాట అననే అంది. ఎవరి అలవాటు వాళ్ళది, నాకెందుకు అనుకున్నాను. పైగా దాన్ని మర్యాద అనుకున్నాను.

"చలవేగా, ఏం కాదులే" అన్నాను.

శాంతి తాగింది. ఆ సాయంత్రం నా రిజిస్టరులో మద్యం అలవాటు అన్న చోట లేదు అని రాశాను. టీకాకు రాకపోతే నాలుగు వీధులకు వినపడేలా అరిచేదాన్ని, అక్కడ మాత్రం మర్యాదస్తురాలినైపోయాను. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది అందుకే.

మూడు దాకా ఎక్కడికి పోతాం. ఆస్పత్రి మెట్ల పక్కన నీడ చూసుకుని కూర్చున్నాం. పిన్ని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పి, ముందు అన్వితకు పెట్టింది.

"ఆ డాక్టరు నోటికేమొస్తే అది అడుగుతాడు. మద్యమంట" అంది. శాంతికీ ఇంత పెట్టి, "అయినా దీనికి ఈసారి కోతలన్నీ కడుపుతోనే అయ్యాయి జాన్‌బీ. అప్పుడంటే అయిదో నెల నుంచి పోశాను. ఈసారి చెట్ల గీత మొదలైన కాణ్ణించీ పోస్తన్నా. ఒళ్ళు చలవగా ఉంటే బిడ్డ బాగుంటది" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈసారి నేను శాంతిని మద్యం సంగతి అడగనైనా అడగలేదు. పోయినసారి లేదని రాసింది చూసి, ఈసారీ లేదనే రాసేశాను.

"పిన్నీ, కల్లు కూడా మద్యమే" అన్నాను.

"ఎవరన్నారు? అది చెట్టుది. కొట్లో సీసా కాదు."

"చెట్టుదైతే మాత్రం మత్తెక్కదా? ఆ మత్తు లోపలి బిడ్డకీ పోతుంది. డాక్టరు అడిగింది దాని గురించే. మనం లేదని చెప్పొచ్చాం."

పిన్ని డబ్బా మూత పెట్టింది. ఆమె అరుస్తుందని చూశాను. అరవలేదు.

"అంటే నా మనవరాలిని నా చేత్తోనే పాడుచేశానంటావు."

"అనట్లేదు. నాకు తెలవదు. ఆయనకీ తెలవకపోవచ్చు. కానీ నిజం చెప్తేగా ఆయన చూడాల్సింది చూసేది."

"చెప్పావంటే నా గడప తొక్కబాక" అంది పిన్ని. "ఊళ్ళో తెలిస్తే ఏమంటారో ఆలోచించావా? నన్నెవరూ అనరు. నిన్నెవరూ అనరు. తాగింది తల్లి, బిడ్డని చెడగొట్టింది తల్లి అని దీన్నే అంటారు. శ్యామ్ అయినా అంతే. వాడి కోపం నీకు తెలుసు."

ఆ మాట నిజమే. అలాగే అంటారు.

"అప్పుడు శాంతి నన్ను అడిగింది పిన్నీ, తాగొచ్చా అని. ఏం కాదు తాగమన్నది నేను. శ్యామ్‌కి ఆ మాట నేనే చెప్తాను. ఊళ్ళో ఎవరు శాంతినేమన్నా ముందు నన్నని ఆ తరవాత దాన్ననాలి."

శాంతి కూతురి మూతి తుడిచింది, చేతులు కడిగింది, పిల్లను పట్టుకుని లేచింది. "పదక్కా. మూడయ్యేదాకా ఎందుకు, ఆయన మధ్యలో లేచిపోతాడేమో" అంది.

లోపల ఆమే చెప్పింది. నన్ను నోరు తెరవనివ్వలేదు.

"ఇందాక లేదన్నానండి. తాగాను. కల్లు. అయిదో నెల కాణ్ణించి కాన్పు దాకా, రోజూ రెండు గ్లాసులు. ఇప్పుడు నాలుగో నెల. ఇప్పుడూ తాగుతున్నాను. నిన్న కూడా తాగాను."

రామకాంత్ గారు కలం కింద పెట్టాడు. తిట్టలేదు. నేను రిజిస్టరు సంగతి చెప్పినప్పుడు మాత్రం నా వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

"నా వల్లేనాండి?" అని అడిగింది శాంతి.

"దీనివల్లే అని నేను చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు. చిన్నప్పుడు చెవులు కారడం వల్ల కావచ్చు, ఊరికే పుట్టుకతో వచ్చింది కావచ్చు. కానీ కడుపులో ఉన్నప్పుడు మద్యం తగిలిన పిల్లల్లో వినికిడి ఇబ్బందులు ఎక్కువ కనిపిస్తాయి. కొందరికి విన్నది గుర్తుపెట్టుకోవడం, ఒక పని మీద మనసు నిలపడం కూడా కష్టమవుతుంది. మీరు చెప్పకపోతే నేను ఒక మిషను ఇచ్చి పంపేసేవాణ్ణి. అది పెట్టుకుని కూడా బడిలో వెనకబడితే మళ్ళీ మొండిదనే అనేవాళ్ళు. ఇప్పుడు మిషనుతో పాటు పిల్లల డాక్టరుకి కూడా రాస్తాను. కళ్ళూ గుండే చదువూ అన్నీ చూస్తారు. టీచరుకి కూడా ఒక కాగితం ఇస్తాను. ముందు బెంచీలో, ఫ్యానుకి దూరంగా కూర్చోబెట్టాలి. మొహం చూస్తూ, ఒకసారికి ఒకటే మాట చెప్పాలి."

"మరి లోపల ఉన్నదానికి?"

"ఇవాళే మానెయ్యండి. ఎప్పుడు మానినా బిడ్డకు మేలే. జరిగినదాన్ని తలుచుకుని కుమిలిపోవద్దు."

పిన్ని లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నది. "పిల్ల మొండిది కాదంటారా అయితే" అని అక్కణ్ణించే అడిగింది.

"కాదమ్మా. పాపం, వినపడినంత వరకూ అన్నీ చేస్తోంది" అన్నాడాయన.

పిన్ని వరండాలో బల్ల మీద కూలబడిపోయింది. మందుల చీటీ తీసుకుని మేం బయటికి వచ్చేదాకా కొంగు మొహం మీంచి తియ్యలేదు.

తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శాంతి నా పక్కన కూర్చుంది. చిలకలూరిపేట దాటాక కిటికీలోంచి చూస్తూనే అంది.

"అక్కా, ఆ రోజు కల్లంలో నిన్ను అందరి ముందు ఎందుకడిగానో తెలుసా?"

"తెలియక అడిగావనుకున్నా."

"కాదు. నాకు తాగబుద్ధి కాలేదు. కొత్త కోడల్ని, మా అత్తకి ఎదురు చెప్పలేను. నువ్వు వద్దంటావని అడిగా. నువ్వు ఒక్క మాట వద్దంటే, అదిగో జాన్‌బీ అక్క వద్దంది అని గ్లాసు దించేసేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని బస్సులోనే ఏడ్చాను. శాంతి నన్ను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరం ఆమెకు లేదు కూడా. ఊరు వస్తుండగా, "ముఠాలో ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నారక్కా. నేను చెప్తే వినరు. రేపు నువ్వు రా" అంది.

ఆ సాయంత్రం ట్రాక్టరు దగ్గరికే వెళ్ళి శ్యామ్‌తో చెప్పాను. నానా మాటలన్నాడు. పడ్డాను. అన్నీ నన్నే అననిచ్చాను. చివరికి, "అయితే నేను దాన్ని ఊరికే కొట్టానా" అన్నాడు. ఆ మాట నాతో కాదు, తనతో తనే అన్నాడు.

మర్నాడు కల్లానికి వెళ్ళాను. ఎర్రటి రాశి చుట్టూ ముఠా అంతా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. పిన్ని కూడా ఉంది. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. నేను కల్లు మాట ఎత్తానో లేదో, అటు చివర కూర్చున్నామె ఏడేళ్ళుగా నేను భయపడుతున్న మాటే అంది.

"మీ ఇళ్ళలో ముట్టరు కాబట్టి నీకట్టా ఉంటది. మా తాగుడు సంగతి నీకెందుకు జాన్‌బీ?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నోరు తెరిచేలోగా పిన్ని ఒళ్ళోని కాయలు దులుపుకుని లేచి నిలబడింది.

"నా కోడలికి నేనే పోశాను" అంది. "పోయిన కాన్పుకి పోశాను, మొన్న సోమవారం దాకా పోశాను. నా మనవరాలికి సగం మాటలు వినపడవు. మొండిదని నేనే దాన్ని వాళ్ళ నాన్న చేత కొట్టించాను. పనాపండి. ఆమె చెప్పేది వినండి."

పద్దెనిమిది మందీ చేతులాపి నా వైపు తిరిగారు. ఏడేళ్ళ కిందట శాంతికి చెప్పాల్సిన మాటలన్నీ అప్పుడు చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.